3 లక్షల విరాళంతో ఏజెన్సీ పీహెచ్‌సీలో పసిపిల్లల కోసం ముందు ఏం కొనాలి?

ప్రశ్న: మన్యం మెడికల్ ఆఫీసర్

అందరికీ నమస్కారం. నేను అల్లూరి సీతారామరాజు జిల్లాలో, పాడేరుకు బాగా లోపల ఉన్న ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రెండేళ్లుగా పనిచేస్తున్నాను. ఆరు పడకలు, ముగ్గురు స్టాఫ్ నర్సులు, కొండల మీద చెల్లాచెదురుగా ఉన్న గూడేలలో దాదాపు 20 వేల జనాభా. నెలకు పదిహేను నుండి ఇరవై కాన్పులు జరుగుతాయి. ఒక ఉన్నత పాఠశాల పూర్వ విద్యార్థులు మా కేంద్రానికి 3 లక్షల రూపాయలు ఇస్తామని ముందుకు వచ్చారు. వారిలో కొందరు అమెరికాలో స్థిరపడ్డారు. మంచి మనసుతోనే అడుగుతున్నారు గానీ, ఏదైనా ఒక పెద్ద యంత్రం కొనాలని, దాని మీద తమ బ్యాచ్ పేరు రాయించాలని వారి కోరిక. ఒకరు చిన్న వెంటిలేటరు అంటున్నారు, మరొకరు ఇంకో వార్మరు (పసికందును వెచ్చగా ఉంచే యంత్రం) అంటున్నారు.

నిర్ణయం చెప్పే ముందు గత ఏడాది రిజిస్టరు తిరగేశాను. మా పరిధిలో నెలలోపు బిడ్డలు ఐదుగురు, ఏడాదిలోపు బిడ్డలు ఇద్దరు చనిపోయారు. ఆ ఐదుగురిలో ఇద్దరు మేము రిఫర్ చేశాక దారిలో పోయారు, ఇద్దరు ఇంటి దగ్గరే పోయారు, ఒక్క బిడ్డ మా లేబర్ రూములో పోయింది. పెద్ద పిల్లలిద్దరివీ న్యుమోనియా మరణాలు. ఇద్దరినీ డొక్కలు ఎగరేస్తున్న స్థితిలోనే తీసుకొచ్చారు. ఈ ఏడుగురిలో ఏ ఒక్కరి విషయంలోనూ ఫలానా యంత్రం ఉంటే బతికేవారని నేను గట్టిగా చెప్పలేకపోతున్నాను. అలాగని యంత్రాలు అక్కర్లేదని చెప్పే ధైర్యమూ లేదు.

ప్రస్తుతం మా దగ్గర పనిచేసే వార్మరు ఒకటి, సెన్సరు పోయి మూలన పడిన వార్మరు ఒకటి, అంబూ బ్యాగు (ఊపిరి తీయని బిడ్డకు చేత్తో నొక్కి గాలి పంపే సంచి), వేలికి తగిలించి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే ఆక్సీమీటరు, ఆక్సిజన్ సిలిండర్లు రెండు ఉన్నాయి. కోవిడ్ రోజుల్లో వచ్చిన, గాలి నుండి ఆక్సిజన్ తీసే కాన్సంట్రేటర్లు రెండు స్టోర్ రూములో ఉన్నాయని ఫార్మసిస్టు గారు అంటున్నారు. ఇలాంటి చోట్ల పనిచేసిన అనుభవం ఉన్నవారు సలహా ఇవ్వగలరు.

జవాబు 1: విశ్రాంత పిల్లల వైద్యుడు

డాక్టరు గారూ, రిజిస్టరు తిరగేసి మరీ అడిగారు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

వెంటిలేటరు మాట మరచిపోండి. అది పనిచేయాలంటే బిడ్డ పక్కన ఇరవై నాలుగు గంటలూ శిక్షణ ఉన్న నర్సు ఉండాలి, రక్తంలో వాయువుల పరీక్ష ఉండాలి, కరెంటు పోకూడదు. రాత్రి పూట ఒకే ఒక్క నర్సు లేబర్ రూమునూ వార్డునూ చూసుకునే చోట వెంటిలేటరు కొంటే అది రిబ్బను కత్తిరించిన రోజు ఫొటోలో తప్ప మరెక్కడా కనబడదు.

మీ వద్ద న్యుమోనియాతో పోయిన ఇద్దరి గురించి ఒక్క ప్రశ్న. వారు వచ్చినప్పుడు ఆక్సిజన్ శాతం ఎంత ఉందో కేస్ షీటులో రాసి ఉందా? ఉండదనే నా అనుమానం. నేను ఏరియా ఆసుపత్రిలో చేరిన తొలి సంవత్సరాలలో మేమూ రాసేవాళ్లం కాదు. పెదవులు నీలంగా మారితేనే ఆక్సిజన్ పెట్టేవాళ్లం. నల్లని పిల్లల్లో, మసక బల్బు వెలుతురులో ఆ నీలం కనబడే సరికి సమయం మించిపోయేది. పపువా న్యూ గినీలో ఐదు ఆసుపత్రులలో పల్స్ ఆక్సీమీటర్లు, కాన్సంట్రేటర్లు ఇచ్చి, వాటిని వాడటం సిబ్బందికి నేర్పి, మరమ్మతుకు మనుషులను ఏర్పాటు చేస్తే న్యుమోనియా పిల్లల మరణాలు 4.97 శాతం నుండి 3.22 శాతానికి తగ్గాయని 2008లో ప్రచురించారు. అంటే మూడో వంతుకు పైగా తగ్గుదల. అక్కడ కొత్త మందేమీ ఇవ్వలేదు. ఆక్సిజన్ ఎవరికి అవసరమో కొలిచి తెలుసుకున్నారు, అవసరమైనవారికి అది ఆగకుండా అందేలా చూశారు. మన ఏజెన్సీకి దీనికంటే దగ్గరి ఉదాహరణ నాకు కనిపించలేదు. అక్కడా కొండలే, అక్కడా సిలిండరు ఎక్కించి తేవడమే పెద్ద పని.

కాబట్టి మొదటి ఖర్చు చేతిలో పట్టుకునే మంచి ఆక్సీమీటర్లు రెండు, వాటితో పాటు పసిపిల్లల పాదానికి చుట్టే ప్రోబులు. పెద్దవాళ్ల వేలి క్లిప్పు పసికందుకు తగిలిస్తే అది చూపించే అంకెను నమ్మలేము. ఆక్సీమీటరులో 90 శాతం కంటే తక్కువ ఉంటే ఆక్సిజన్ మొదలుపెట్టాలన్న నియమాన్ని పెద్ద అక్షరాలతో గోడ మీద రాయించండి. నెలలోపు బిడ్డకు ముక్కు గొట్టాల ద్వారా నిమిషానికి అర లీటరు నుండి ఒక లీటరు, ఏడాదిలోపు బిడ్డకు ఒకటి నుండి రెండు లీటర్లు సాధారణంగా సరిపోతుంది. ఐదు లీటర్ల కాన్సంట్రేటరు ఒక్కటి ఉంటే, ఆక్సిజన్‌ను విడదీసి పంచే ఫ్లో స్ప్లిట్టరుతో ఒకేసారి ఇద్దరు ముగ్గురు బిడ్డలకు ఇవ్వవచ్చు.

ఇక ఓపీ. పెద్దవాళ్ల వరుసలో వెనక నిలబడిన తల్లి చేతిలో బిడ్డ ఎలా ఊపిరి తీస్తున్నదో మీ గదిలోకి వచ్చే వరకు ఎవరూ చూడరు. చీటీ రాసే చోటే ఒకరు ప్రతి బిడ్డ చొక్కా పైకెత్తి, పూర్తిగా ఒక నిమిషం శ్వాస లెక్కపెట్టాలి. రెండు నెలలలోపు 60, ఏడాదిలోపు 50, ఐదేళ్లలోపు 40 లేదా అంతకు మించి ఉంటే ఆ బిడ్డను వరుస తప్పించి లోపలికి పంపాలి. మా దగ్గర ఈ పని వార్డు ఆయాకు నేర్పాము. ఆమె చదివింది ఐదో తరగతే అయినా, ఆమె లోపలికి పంపిన పిల్లలలో తప్పుడు లెక్క నాకు చాలా అరుదుగా కనబడింది.

జవాబు 2: బయోమెడికల్ టెక్నీషియన్

పెద్దాయన చెప్పినదానికి చిన్న చేర్పు. కొత్త కాన్సంట్రేటర్లు కొనకముందు స్టోర్ రూములో ఉన్నవాటిని బయటికి తీయించండి. నేను మూడు జిల్లాలలో తిరుగుతాను. ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా మూలన పడి ఉన్న యంత్రాలు ఎన్ని చూశానో లెక్కలేదు. ఒకచోట అయితే కాన్సంట్రేటరు మీద టేబుల్ క్లాత్ పరిచి టీకాల రిజిస్టర్లు పేర్చారు.

ఇది గదిలోని గాలిని పీల్చి, జియోలైట్ గుళికల గుండా పంపి, నైట్రోజన్‌ను అక్కడే పట్టి ఉంచి, 90 శాతం దాటిన ఆక్సిజన్‌ను బయటికి వదిలే యంత్రం. గాలి లోపలికి వెళ్లే చోట ఉన్న స్పాంజి ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోతే మోటారు వేడెక్కుతుంది, ఆక్సిజన్ శాతం పడిపోతుంది. ఫ్లో మీటరులో బంతి మాత్రం నిమిషానికి ఐదు లీటర్ల దగ్గరే నిలబడి కనిపిస్తుంది కాబట్టి చూసేవారికి అంతా బాగానే ఉందనిపిస్తుంది. ఇదే ఈ యంత్రంతో ఉన్న పెద్ద మోసం. అందుకే ఆక్సిజన్ శాతం తగ్గిందని హెచ్చరించే పసుపు లైటు వెలుగుతున్నదా అని చూడాలి; వీలైతే ఆక్సిజన్ అనలైజరు ఒకటి కొని నెలకు ఒకసారి కొలవాలి. 82 శాతం కంటే తగ్గితే దాన్ని పిల్లలకు పెట్టకూడదు.

ఏజెన్సీలో వోల్టేజి హెచ్చుతగ్గులకు బోర్డులు కాలిపోతాయి. కాబట్టి ప్రతి యంత్రానికీ విడిగా స్టెబిలైజరు పెట్టండి. గోడకు ఆనించకండి, జానెడు ఎడం ఉండాలి. కరెంటు పోయినప్పటి కోసం సిలిండరు పక్కనే సిద్ధంగా ఉండాలి. 7,000 లీటర్లు పట్టే పెద్ద సిలిండరు నిండుగా ఉంటే, నిమిషానికి ఒక లీటరు చొప్పున నాలుగున్నర రోజులకు పైగా వస్తుంది. స్పానరు సిలిండరుకే గొలుసుతో కట్టి ఉంచండి. అర్ధరాత్రి స్పానరు వెతుక్కోవడం నేను కళ్లారా చూశాను.

జవాబు 3: ఎస్ఎన్‌సీయూ స్టాఫ్ నర్సు

డాక్టరు గారికి నమస్కారం. మీరు దారిలో పోయిన ఇద్దరి గురించి రాసినందువల్ల జవాబు ఇస్తున్నాను. మాది జిల్లా స్థాయి నవజాత శిశు విభాగం (ఎస్ఎన్‌సీయూ). ఏజెన్సీ నుండి రిఫర్ అయి వచ్చే బిడ్డలను ముందుగా ముట్టుకునేది మేమే. చలికాలంలో వారిలో ఎక్కువ మంది చల్లబడి వస్తారు. మీ వార్మరులో రెండు గంటలు వెచ్చగా ఉన్న బిడ్డ, తువ్వాలులో చుట్టి ఎవరో బంధువు ఒడిలో పెట్టుకుని నాలుగు గంటలు ఘాట్ రోడ్డులో వస్తే ఆ వెచ్చదనం ఏమవుతుందో ఊహించండి. మేము థర్మామీటరు పెట్టకముందే పాదాలు, పొట్ట ముట్టుకుని చూస్తాము. పాదాలు చల్లగా ఉండి పొట్ట వెచ్చగా ఉంటే బిడ్డ చలితో పోరాడుతున్నట్టు. రెండూ చల్లగా ఉంటే ఓడిపోతున్నట్టు. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు, 108లో వచ్చే అమ్మమ్మకు కూడా నేర్పవచ్చు.

అందువల్ల రెండో వార్మరు కొనవద్దని నా మనవి. బిడ్డను తల్లి రొమ్ముల మధ్య, చర్మానికి చర్మం తగిలేలా కట్టి పంపండి. కంగారూ మదర్ కేర్ అని మనందరం శిక్షణలో విన్నదే. 1970ల చివర్లో కొలంబియా రాజధాని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక, ఒక్కోదానిలో ఇద్దరేసి బిడ్డలను ఉంచవలసి వచ్చినప్పుడు ఎడ్గార్ రే అనే వైద్యుడు మొదలుపెట్టిన పద్ధతి ఇది. చాలా ఏళ్ల పాటు మనం దీన్ని బిడ్డ కుదుటపడ్డాక చేసే పనిగానే చూశాము. అయితే 2021లో ప్రచురించిన ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనం ఆ ఆలోచనను తలకిందులు చేసింది. ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రితో పాటు ఘనా, మలావీ, నైజీరియా, టాంజానియాలలోని ఆసుపత్రులలో, కిలో నుండి 1.8 కిలోల లోపు బరువుతో పుట్టిన బిడ్డలను పుట్టిన వెంటనే తల్లి ఎద మీద ఉంచితే, నెల రోజులలోపు మరణాలు 15.7 శాతం నుండి 12 శాతానికి తగ్గాయి. అక్కడ బిడ్డలు రోజుకు దాదాపు 17 గంటలు తల్లి వద్దే ఉన్నారు. తేడా తెచ్చింది ఆ గంటలే. మన దగ్గర పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట చేసి రిజిస్టరులో టిక్కు పెట్టి, చేశామని రాసుకుంటాము.

పదిహేడు గంటలు బాలింత ఇనుప స్టూలు మీద కూర్చోలేదు. వెనక్కి వాలే కుర్చీలు నాలుగు కొనండి, తల వైపు ఎత్తు పెంచే మంచాలు రెండు కొనండి, ముందు తెరుచుకునే జాకెట్లు ఒక డజను కుట్టించండి. ఒక మూల కర్టెను కట్టండి, ఎందుకంటే మగవాళ్లు తిరిగే వార్డులో ఏ తల్లీ రొమ్ము మీద బిడ్డను పెట్టుకుని కూర్చోదు. ఆమెకు స్నానం, భోజనం సమయంలో తండ్రి గానీ అత్త గానీ బిడ్డను ఎద మీద పెట్టుకోవచ్చు. మా దగ్గర మొన్న ఒక కుర్రవాడు సిగ్గుపడుతూనే చొక్కా విప్పి 1,400 గ్రాముల కూతురిని కట్టుకున్నాడు; గంట తరువాత తీసుకుందామని వెళితే ఇవ్వనన్నాడు.

ఇంకొక మాట. రిఫర్ చీటీతో పాటు దయచేసి మాకు ఫోను చేయండి. బిడ్డ బరువు, ఏ ఇంజక్షను ఎప్పుడు ఇచ్చారు అనే రెండు ముక్కలు చెప్పినా చాలు, బిడ్డ వచ్చేసరికి మంచం వెచ్చగా ఉంటుంది.

జవాబు 4: ఆశాల శిక్షకురాలు

పై ముగ్గురూ చెప్పినది నిజమే గానీ, అందరూ ఆసుపత్రి గుమ్మం లోపల నిలబడే మాట్లాడుతున్నారు. డాక్టరు గారి లెక్కలోనే ఇద్దరు బిడ్డలు ఇంటి దగ్గర పోయారు. డొక్కలు ఎగరేస్తూ వచ్చిన పిల్లలు కూడా అంతకు రెండు రోజుల ముందే దగ్గుతో ఇంట్లో ఉండి ఉంటారు. మీరు ఎంత మంచి ఆక్సీమీటరు కొన్నా గూడెంలో ఉన్న బిడ్డ పాదాన్ని అది చుట్టుకోదు.

ఛత్తీస్‌గఢ్ సరిహద్దున మహారాష్ట్రలోని గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు 39 ఊళ్లలో ఊరి ఆడవాళ్లకే పసికందు సంరక్షణ నేర్పారు. బరువు తూచడం, శ్వాస లెక్కపెట్టడం, ఇన్ఫెక్షను లక్షణాలు గుర్తుపట్టడం, అవసరమైతే ఇంజక్షను ఇవ్వడం వారికి శిక్షణలో భాగం. మూడో ఏట ఆ ఊళ్లలో నెలలోపు శిశు మరణాలు, పోల్చి చూసిన ఊళ్లతో చూస్తే 62 శాతం తగ్గినట్టు 1999లో వెల్లడించారు. 2011లో మన దేశమంతటా ఆశాల ద్వారా మొదలైన ఇంటి వద్ద నవజాత శిశు సంరక్షణ కార్యక్రమానికి మూలం అదే. ఆసుపత్రిలో కాన్పు అయితే 3, 7, 14, 21, 28, 42వ రోజులలో, ఇంట్లో అయితే మొదటి రోజు కూడా కలిపి ఆశా ఇంటికి వెళ్లాలి. కాగితం మీద ఇది చక్కగా ఉంది. అయితే గడ్చిరోలిలో ప్రతి కార్యకర్త పనినీ వెంట వెళ్లి చూసి సరిదిద్దే మనిషి ఉండేది. మనం నకలు తీసుకున్నప్పుడు సందర్శనల పట్టిక తీసుకున్నాం, ఆ మనిషిని వదిలేశాం.

మీ ఆశాల సంచులు ఒకసారి బల్ల మీద కుమ్మరించమనండి. పోయిన వర్షాకాలంలో ఒక పీహెచ్‌సీలో నేను అలా చేయించాను. పద్నాలుగు సంచులలో తొమ్మిదింటిలో డిజిటల్ థర్మామీటరు బ్యాటరీ అయిపోయింది. నాలుగింటిలో బిడ్డను తూచే ఊయల గుడ్డ చిరిగి ఉంది, ఒకదానిలో తూకమే లేదు. ఆ చెల్లెళ్లు ఎవరూ ఫిర్యాదు చేయలేదు, ఎందుకంటే అడిగితే పోగొట్టావా అంటారని భయం. ఆ బటన్ బ్యాటరీల ఖర్చు ఎంతో మీకు చెప్పనక్కర్లేదు.

పెద్ద కొండ దాటి రాలేని కుటుంబం విషయంలో ఇంకొకటి చెప్పాలి. రెండు నెలలలోపు బిడ్డకు తీవ్రమైన ఇన్ఫెక్షను లక్షణాలు ఉండి, ఆసుపత్రికి వెళ్లడం ఏ విధంగానూ కుదరకపోతే, ఏఎన్ఎమ్‌లు (ఊళ్లలో తిరిగే నర్సులు) జెంటామైసిన్ ఇంజక్షను, నోటి ద్వారా అమాక్సిసిలిన్ ఏడు రోజులు ఇవ్వవచ్చని కేంద్ర ఆరోగ్య శాఖ 2014లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఈ సంగతి తెలిసినా చేతికి రాని ఏఎన్ఎమ్‌లను చాలామందిని చూశాను. భయం పోవాలంటే డాక్టరు పక్కన నిలబడి రెండు సార్లు చేయించాలి. అందుకు విరాళం అక్కర్లేదు, మీ రెండు మధ్యాహ్నాలు కావాలి.

డబ్బు విషయంలో నా సలహా ఏమంటే, నెలలు నిండుతున్న గర్భిణులు ముందుగానే కొండ దిగి వచ్చి ఉండటానికి మీ ఆవరణలో ఒక గది బాగుచేయించండి. సాలూరులో గిరిశిఖర గ్రామాల గర్భిణుల కోసం ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) నడిపిన వసతి గృహం మీకు తెలిసే ఉంటుంది. అంత పెద్దది కాకపోయినా, వంట చేసుకునే చోటు, వెంట వచ్చిన అత్త పడుకునే చోటు ఉంటే వస్తారు. వాళ్లు రాకపోవడానికి కారణం మూఢనమ్మకం అని మనం సులువుగా అనేస్తాం గానీ, ఇంటి దగ్గర మిగిలిన ఇద్దరు పిల్లలకు అన్నం ఎవరు పెడతారన్నదే చాలాసార్లు అసలు కారణం.

జవాబు 5: విశ్రాంత పిల్లల వైద్యుడు

ఆశాల శిక్షకురాలు గారు నన్ను గుమ్మం దాటించారు, ఒప్పుకుంటున్నాను. అయితే ఒక్క విషయంలో విభేదిస్తాను. ఆశా గుర్తుపట్టి, కుటుంబాన్ని ఒప్పించి, డోలీ మోయించి, ఫీడర్ అంబులెన్సు బైకు ఎక్కించి తెచ్చిన బిడ్డకు మన దగ్గర ఆక్సిజన్ లేకపోతే, ఆ ఊరి నుండి మరో బిడ్డ రాదు. ఆశా మాట ఊళ్లో చెల్లడం, మన వార్డు పనిచేయడం విడివిడి సంగతులు కావు. గది కట్టడానికి మొత్తం ఖర్చు పెట్టేస్తే ఆక్సిజన్ పని వెనకబడుతుందని నా భయం.

రెండో వార్మరు విషయంలో మాత్రం సిస్టర్ గారిదే సరైన మాట. పుట్టగానే ఊపిరి తీయని బిడ్డకు అంబూ బ్యాగు పట్టడానికి ఒక వార్మరు ఉండాలి, అది మీకు ఉంది. లేబర్ రూములో పోయిన ఆ ఒక్క బిడ్డ గురించి మీరు ఏమీ రాయలేదు. ఆ రోజు మొదటి నిమిషంలోనే బ్యాగు పట్టారా, మాస్కు సరైన సైజుదేనా, బొమ్మ మీద సాధన చేసి ఎన్నాళ్లయింది అని మీ సిస్టర్లతో కూర్చుని మాట్లాడండి. ఎవరినీ నిందించే తీరులో మాత్రం వద్దు, నిందిస్తే తరువాతి మరణం రిజిస్టరులోకే రాదు.

ప్రశ్న అడిగినవారి సమాధానం: మన్యం మెడికల్ ఆఫీసర్

అందరికీ కృతజ్ఞతలు. మూడు వారాల తరువాత రాస్తున్నాను. స్టోర్ రూములో కాన్సంట్రేటర్లు రెండూ దొరికాయి. ఒకదాని ఫిల్టరు తీస్తే గోధుమరంగు దుప్పటి ముక్కలా ఊడి వచ్చింది. కడిగి పెట్టాక ఆకుపచ్చ లైటు వచ్చింది, ఇప్పుడు వార్డులో వాడుతున్నాం. రెండోదానికి పసుపు లైటు పోవడం లేదు. న్యుమోనియా బిడ్డల కేస్ షీట్లు చూశాను. ఆక్సిజన్ శాతం రెండింటిలోనూ రాసి లేదు. లేబర్ రూము బిడ్డ విషయంలో, బ్యాగు ఉంది గానీ చిన్న మాస్కు క్రిములు చంపే ఆటోక్లేవుకు వెళ్లి ఉందని, పెద్దదానితో ప్రయత్నించానని సిస్టర్ చెప్పి ఏడ్చింది. చిన్న మాస్కులు ఇప్పుడు మూడు పెట్టాము. ఆశా డే నాడు సంచులు కుమ్మరించాము. శిక్షకురాలు గారి లెక్కకు మా లెక్క పెద్దగా తేడా లేదు.

దాతలతో మాట్లాడాను. ఆక్సీమీటర్లు, ప్రోబులు, స్టెబిలైజర్లు, అనలైజరు, కుర్చీలు, మంచాలు, సంచుల సామాను పోగా మిగిలినదానితో పాత క్వార్టర్సులో ఒక గదికి రేకులు, పొయ్యి గట్టు వేయిస్తామన్నాను. మొదట నిరాశపడ్డారు, బ్యాచ్ పేరు దేని మీద రాయించాలని అడిగారు. కుర్చీల వెనక రాయించండి, తల్లులు పదిహేడు గంటలు అక్కడే కూర్చుంటారు అన్నాను. సరేనన్నారు.

టెక్నీషియన్ గారిని ఒక్కటి అడగాలి. కడిగిన ఫిల్టరును ఎంతసేపు ఆరబెట్టాలి? మా దగ్గర వర్షాకాలంలో గుడ్డలే రెండు రోజులకు గానీ ఆరవు.

జవాబు 6: బయోమెడికల్ టెక్నీషియన్

పూర్తిగా ఆరే వరకు బిగించకండి సార్. తేమ లోపలికి వెళితే జియోలైట్ పాడవుతుంది, అప్పుడు యంత్రం మొత్తం పోయినట్టే. ప్రతి యంత్రానికీ అదనంగా రెండు ఫిల్టర్లు తెప్పించుకోండి. ఒకటి యంత్రంలో, ఒకటి ఆరుతూ, ఒకటి డబ్బాలో ఉండాలి. రెండో యంత్రానికి పసుపు లైటు పోకపోతే ఇప్పటికే తేమ పట్టి ఉండవచ్చు. దాన్ని పిల్లలకు పెట్టకండి. మోడల్ నంబరు, మొత్తం ఎన్ని గంటలు నడిచిందో చూపే మీటరు ఫొటో పంపండి, గుళికలు మార్చితే సరిపోతుందో లేదో చూసి చెబుతాను.